ఇనుము లేని సూదంటురాయి

అయస్కాంతం అనగానే ఇనుము, కోబాల్టు, నికెల్ గుర్తుకు రావడానికి అలవాటు ఒక్కటే కారణం కాదు. ఆ అలవాటుకు సిద్ధాంతం కూడా కొంతకాలం కాపు కాసింది. 1928లో ఫెర్రో అయస్కాంతత్వానికి క్వాంటం వివరణ ఇచ్చిన హైసెన్‌బర్గ్, ప్రధాన క్వాంటం సంఖ్య మూడు గానీ అంతకు మించి గానీ ఉన్న పరమాణువులకే ఆ గుణం అబ్బుతుందని ఒక మాట అన్నాడు. ఆ లెక్కన కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ గడప బయటే ఆగిపోవాలి. ప్లాస్టిక్కులన్నీ వాటితో అల్లినవే కాబట్టి, ప్లాస్టిక్ అయస్కాంతం అన్న మాటకే అర్థం ఉండకూడదు. ఆ మాట తప్పని ప్రయోగంతో తేలడానికి అరవై ఏళ్ళు దాటింది. తేలాక కూడా కథ సాఫీగా నడవలేదు. గది ఉష్ణోగ్రతలో, ఇంకా పైన కూడా పనిచేసే సేంద్రియ అయస్కాంతం దొరికిందని ఎన్నోసార్లు ప్రకటనలు వచ్చాయి, ఎన్నోసార్లు వెనక్కి పోయాయి. నిలబడ్డ ఫలితాలేమో తీవ్రమైన చలిలోనే ఉండిపోయాయి. ఈ రంగం తన విజయాన్ని ఉష్ణోగ్రతతో కొలుచుకోవడం వల్లే పదే పదే దారి తప్పిందని నా వాదన. గ్రాము పదార్థంలో ఎన్ని స్పిన్‌లు ఒక దిక్కు చూస్తున్నాయి, అవి దేనితో ముడిపడి ఉన్నాయి అన్న రెండు ప్రశ్నలు ముందు అడిగితే, ఏది నమ్మాలో, ఇకపై ఏది తయారు చేయాలో రెండూ తేటపడతాయి.

ముందు అడ్డంకి ఏమిటో చూద్దాం. ప్రతి ఎలక్ట్రాన్ ఒక చిన్న అయస్కాంతమే. రసాయన బంధం ఏర్పడేటప్పుడు రెండు ఎలక్ట్రాన్లు ఎదురెదురు స్పిన్‌లతో జంట కడతాయి, దాంతో వాటి అయస్కాంతత్వం ఒకదానితో ఒకటి చెల్లిపోతుంది. పాలిథీన్ సంచి నుంచి ఇంట్లో బకెట్ దాకా అన్నీ అలా చెల్లిపోయిన ఎలక్ట్రాన్ల కుప్పలే. జంట లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువును రాడికల్ అంటారు. 1900లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో గోంబర్గ్ ట్రైఫినైల్‌మెథైల్ రూపంలో అలాంటిదాన్ని తొలిసారి గుర్తించినప్పుడు, కార్బన్‌కు మూడు బంధాలేమిటని చాలామంది నమ్మలేదు. వాళ్ళ అనుమానం అకారణమేమీ కాదు. జంట లేని ఎలక్ట్రాన్ ఎప్పుడూ జంట కోసం వెతుకుతుంది. మరో రాడికల్ ఎదురైతే దానితో బంధం కట్టి సద్దుమణుగుతుంది, ఆక్సిజన్ తగిలితే దానితో కలిసిపోతుంది. కాబట్టి పాలిమర్‌ను అయస్కాంతంగా మలచాలనుకునేవాడు రెండు విరుద్ధమైన పనులు ఒకేసారి చేయాలి. ఎలక్ట్రాన్లను జంట కట్టనివ్వకూడదు, అలాగని ఒకదాని ఊసు ఒకదానికి అందనంత దూరంగానూ పెట్టకూడదు. అంత దగ్గరగా ఉండి కూడా అవన్నీ ఒకే దిక్కుకు తిరగాలి. బంధాల రసాయనం మామూలుగా ఎటు లాగుతుందో, సరిగ్గా దానికి ఎదురీదే పని ఇది.

ఎదురీదడానికి ప్రకృతి ఒక సందు వదిలింది. దాన్ని గుర్తించడమే ఈ రంగం సాధించిన మొదటి గట్టి ఫలితం. బెంజీన్ వలయంలో రెండు రాడికల్ కార్బన్లను ఎదురెదురు మూలల్లో, అంటే పారా స్థానాల్లో పెడితే వాటి ఎలక్ట్రాన్లు వలయం గుండా జంట కడతాయి. ఒకటి వదిలి ఒకటిగా, మెటా స్థానాల్లో పెడితే జంట కట్టే వీలుండదు, పైగా రెండూ ఒకే దిక్కు చూడటమే వాటికి లాభం. లెక్క ముగ్గు చుక్కల్లాంటిది. పక్కపక్క కార్బన్లకు నలుపు, తెలుపు రంగులు మార్చి మార్చి వేస్తూ పోతే, నల్లవాటికీ తెల్లవాటికీ ఉన్న తేడాలో సగమే ఆ అణువు మొత్తం స్పిన్. పారా అమరికలో నాలుగు నలుపు, నాలుగు తెలుపు, తేడా సున్నా. మెటాలో ఐదు, మూడు, కనుక రెండు ఎలక్ట్రాన్లు సమాంతరం. 1978లో మాస్కోకు చెందిన ఓవ్చినికోవ్ దీన్ని సూత్రంగా చెప్పాడు. అంతకుముందే, 1967లో జపాన్‌లో ఇతో, అమెరికాలో వాసెర్‌మన్ బృందం, మెటా స్థానాల్లో రెండు కార్బీన్లు, అంటే జంట లేని ఎలక్ట్రాన్లు రెండేసి ఉన్న కార్బన్లు, ఉన్న అణువులో నాలుగు ఎలక్ట్రాన్లు ఒకే దిక్కుగా ఉన్నాయని చూపించారు. మరుసటి ఏడాది మతాగా, ఈ అల్లికనే అనంతంగా పొడిగిస్తే కార్బన్ అయస్కాంతం వస్తుందని కాగితం మీద గీశాడు. 1990ల నాటికి జపాన్‌లోనే ఇవమురా బృందం తొమ్మిది కార్బీన్లను అలా కలిపి, ఒకే అణువులో పద్దెనిమిది ఎలక్ట్రాన్లను ఒక దిక్కుకు తిప్పింది.

ఈ ముడి ఎంత బలమైనదో చాలామంది తక్కువ అంచనా వేస్తారు. మెటా జైలిలీన్ అనే చిన్న అణువులో సమాంతర స్థితికీ జంట కట్టిన స్థితికీ మధ్య శక్తి తేడా మోల్‌కు 9.6 కిలో కేలరీలని 1997లో కొలిచారు. గది ఉష్ణోగ్రతలో వేడి చేసే అల్లరి మోల్‌కు దాదాపు 0.6 కిలో కేలరీలు. అంటే ఒక బెంజీన్ వలయం ఇచ్చే పట్టు గది వేడికి పదహారు రెట్లు. కార్బన్‌కు ఆ బలం లేదన్న పాత అపనమ్మకాన్ని ఈ ఒక్క కొలతే కొట్టేస్తుంది. బలం ఉన్నప్పుడు అయస్కాంతం ఎందుకు రాలేదన్నదే అసలు ప్రశ్న.

ఒక జవాబు స్ఫటికాల్లో దొరుకుతుంది. 1991లో టోక్యోలో కినోషితా బృందం పారా నైట్రోఫినైల్ నైట్రోనైల్ నైట్రాక్సైడ్ అనే పదార్థపు ఒక స్ఫటిక రూపంలో, లోహం ఊసే లేని తొలి ఫెర్రో అయస్కాంతాన్ని చూపించింది. హైసెన్‌బర్గ్ మాట పూర్తిగా పోయింది అక్కడే. కానీ అది అయస్కాంతంగా ఉండేది 0.6 కెల్విన్ లోపలే. 1993లో ఫ్రాన్స్‌లో రస్సా బృందం దాన్ని 1.48 కెల్విన్లకు పెంచింది. టీడీఏఈ అనే అణువును సీ60 గోళాలతో కలిపిన లవణం 16 కెల్విన్ల దాకా వెళ్ళింది. గంధకం, నైట్రోజన్ ఉన్న ఒక థయాజిల్ రాడికల్ 36 కెల్విన్లు అందుకుంది, అయితే అందులో స్పిన్‌లు ఎదురెదురుగా ఉండి కాస్త వంగడం వల్ల మిగిలిన బలహీన అయస్కాంతత్వమే అది. ఈ పదార్థాలన్నిటిలో అణువుకూ అణువుకూ మధ్య బంధం లేదు, పక్కపక్కన పేర్చి ఉన్నాయంతే. బంధం లోపల పట్టు వేల కెల్విన్లతో సమానం. ఖాళీ దాటితే అదే పట్టు కొద్ది కెల్విన్లకు పడిపోతుంది. పాలిమర్ అవసరం అక్కడే వచ్చింది: ఖాళీలే లేకుండా అన్నిటినీ బంధాలతోనే కుట్టేస్తే?

ఈ సందులోంచే తొందరపాటూ దూరింది. 1987లో ఓవ్చినికోవ్ సహచరులే, నైట్రాక్సిల్ రాడికల్స్ వేలాడే పాలీడయాసిటిలీన్ గది ఉష్ణోగ్రతకు పైన కూడా అయస్కాంతంగా ఉందని నేచర్ పత్రికలో ప్రకటించారు. అదే ఏడాది అమెరికాలో టోరెన్స్ బృందం, ట్రైఅమైనోబెంజీన్‌ను అయొడిన్‌తో కలిపి చేసిన నల్లపొడి 700 కెల్విన్ల దాకా నిలిచిందని చెప్పింది. రెండూ మరో ప్రయోగశాలలో నమ్మకంగా మళ్ళీ రాలేదు. 2001లో, ఒత్తిడిలో పాలిమరైజ్ చేసిన సీ60 కార్బన్ 500 కెల్విన్ల దాకా అయస్కాంతమని నేచర్‌లోనే వచ్చింది. నమూనాల్లో ఇనుము ఉందని తేలాక 2006లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించారు. ఇనుమూ కార్బనూ కలిసిన సెమెంటైట్ కూడా దాదాపు 480 కెల్విన్ల దగ్గరే అయస్కాంతత్వం పోగొట్టుకుంటుంది. ఆ పోలిక చూశాక చెప్పడానికి పెద్దగా మిగల్లేదు. ఒకే మనిషి చెప్పిన సూత్రం నేటికీ చెక్కుచెదరకుండా ఉండటం, అతని పదార్థం నిలబడకపోవడం, ఈ రంగంలో ఆలోచనకూ తయారీకీ మధ్య ఎంత దూరముందో చెబుతుంది.

ఇలాంటి ప్రకటనలను తూచడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు, చిన్న గుణకారం చాలు. ఒక మోల్ ఎలక్ట్రాన్ స్పిన్‌లన్నీ ఒకే దిక్కు చూస్తే, అయస్కాంతత్వపు కొలమానమైన ఈఎంయూల్లో 5585 వస్తుంది. రాడికల్ ఒక్కో దానికి 300 అణుభారం ఉన్న పాలిమర్ తీసుకుంటే, అంతా వరసలోకి వచ్చినప్పుడు గ్రాముకు 18.6 ఈఎంయూలు ఉండాలి. శుద్ధమైన ఇనుముకు గ్రాముకు 218. ఇప్పుడు ఒక పొడి గది ఉష్ణోగ్రతలో గ్రాముకు 0.02 ఈఎంయూ చూపిందనుకుందాం. అది రాడికల్స్‌దే అయితే తొమ్మిది వందల స్పిన్‌లలో ఒకటే వరసలోకి వచ్చినట్టు. ఇనుముదే అయితే గ్రాము పొడిలో 90 మైక్రోగ్రాములు చాలు. పొడి తీసిన స్టీలు చెంచా, వాడిన లోహ ఉత్ప్రేరకం, గాలిలో దుమ్ము, వీటిలో ఏదైనా అంత ఇవ్వగలదు. కొలిచే గొట్టంలో గాలి మిగిలిపోతే గడ్డకట్టిన ఆక్సిజన్ కూడా 50 కెల్విన్ల లోపల తన వింత తాను చూపిస్తుంది. కాబట్టి క్యూరీ ఉష్ణోగ్రత, అంటే అయస్కాంతత్వం పోయే ఉష్ణోగ్రత, ఎంత ఎక్కువైతే అనుమానం అంత పెరగాలి. ఇనుము 1043 కెల్విన్ల దాకా, దాని ఆక్సైడ్ మాగ్నటైట్ దాదాపు 858 కెల్విన్ల దాకా అయస్కాంతాలే కదా.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. అస్తవ్యస్తంగా ముడిపడిన పాలిమర్‌లో అమరిక కుదిరిన చిన్న చిన్న దీవులు అక్కడక్కడా ఉండవచ్చు, మొత్తం మీద సంకేతం బలహీనంగా ఉన్నంత మాత్రాన అది మలినమేనని ఎలా అంటారు? న్యాయమైన ప్రశ్న. కొత్తది ఏదైనా మొదట అరకొరగానే కనిపిస్తుంది, అధిక ఉష్ణోగ్రత అతివాహకాల తొలి నమూనాల్లోనూ అతివాహక భాగం కొంతే ఉండేది. అయితే అక్కడ జరిగిందీ ఇక్కడ జరగనిదీ ఒకటుంది. ఆ తొలి నమూనాల్లోని భాగాన్ని వేరుచేసి, శుద్ధి చేసేకొద్దీ సంకేతం పెరిగింది. దీవులు నిజంగా ఉంటే రాడికల్ సాంద్రత పెంచినప్పుడు అయస్కాంతత్వం దానితో పాటు పెరగాలి, రాడికల్‌ను రసాయనికంగా చంపేసినప్పుడు పోవాలి, అదే పాత్రల్లో అదే విధానంలో రాడికల్ లేకుండా చేసిన పొడిలో అసలు కనిపించకూడదు. శుద్ధి చేసేకొద్దీ తగ్గిపోయే అయస్కాంతత్వం దీవులది కాదు, దుమ్ముది. ఈ మూడు పరీక్షలూ పెట్టని వ్యాసాన్ని, దాని ఉష్ణోగ్రత ఎంత ఊరించినా, పక్కన పెట్టడమే నా పద్ధతి.

పాలిమర్‌నే తీసుకుంటే, పొడవైన గొలుసు ఎందుకు చాలదో కూడా అంకెలే చెబుతాయి. గొలుసులో ప్రతి ముడి దగ్గరా రాడికల్ పుట్టించాలి. ఆ చర్య 95 శాతం సఫలమైందంటే రసాయనవేత్త సంబరపడతాడు, అయినా సగటున ఇరవై ముళ్ళకొకటి చచ్చుముడి. పట్టు రాడికల్ గుండానే నడిచే గొలుసు అక్కడ తెగిపోతుంది. 99 శాతం సాధించినా సగటున వందకొక తెగు. జపాన్‌లోని వాసెదా విశ్వవిద్యాలయంలో నిషిదే దీనికొక మంచి ఉపాయం పట్టాడు. రాడికల్‌ను గొలుసులో భాగంగా కాక, గొలుసు పక్కన కొమ్మలా వేలాడదీశాడు. పట్టు సంయుగ్మ వెన్నెముక, అంటే ఏక, ద్వి బంధాలు మార్చి మార్చి ఉన్న గొలుసు, గుండా పోతుంది, ఒక కొమ్మ ఎండినా పక్క కొమ్మల మధ్య మాట తెగదు. ఎంత తెలివైన పనైనా గొలుసు గొలుసే. ఒక వరసలో ఉన్న స్పిన్‌లకు సున్నా కెల్విన్లకు పైన ఎక్కడా శాశ్వతమైన అమరిక ఉండదు.

అల్లిక వేరు. చదరపు వలలో కొన్ని ముళ్ళను ఎక్కడపడితే అక్కడ తీసేస్తూ పోయినా, దాదాపు 59 శాతం ముళ్ళు బతికున్నంత వరకూ ఈ కొస నుంచి ఆ కొసకు దారి మిగులుతుంది. ఘనపు వలలో 31 శాతం బతికున్నా చాలు. గొలుసుకు 99 శాతం చాలకపోవడం, ఘనపు వలకు సగం కూడా ఎక్కువే కావడం, ఇదొక్కటే రూపకల్పన ఎటు సాగాలో నిర్ణయించాలి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో రయ్త్సా బృందం ఈ దారి పట్టింది. నాలుగు సమాంతర స్పిన్‌లున్న పెద్ద వలయాలను ఒక్కో స్పిన్ ఉన్న జోడింపు ముక్కలతో వలగా కలిపారు. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఒకటి. వలయానికీ ముక్కకూ మధ్య పట్టు సమాంతరంగా ఉన్నా, మెలి తిరిగి ఎదురుగా మారినా, రెండు స్పిన్‌లూ సమానం కావు గనుక మొత్తం చెల్లిపోదు, ఎంతో కొంత మిగులుతుంది. తప్పు జరుగుతుందని ముందే ఒప్పుకుని, జరిగినా మునగకుండా గీసిన నమూనా అది. 2001లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ ఫలితంలో సగటు స్పిన్ సంఖ్య దాదాపు 5000, అంటే పదివేల పాటి ఎలక్ట్రాన్లు కలిసి ఒక దిక్కు చూశాయి. ఉష్ణోగ్రత మాత్రం దాదాపు 10 కెల్విన్లే. వార్తగా 700 ముందు 10 వెలవెలబోతుంది. కానీ అక్కడ లెక్కకు వచ్చినవి దుమ్ములోని ఇనుప పరమాణువులు కాదు, తయారుచేసిన రాడికల్సే.

మెలి తిరగడం అన్నాను, అది చిన్న విషయం కాదు. ముగ్గు చుక్కల సూత్రం అణువు చదునుగా ఉందని అనుకుంటుంది. 1992లో రస్సా సహచరులు మెటా స్థానాల్లోనే రెండు నైట్రాక్సైడ్లు (నైట్రాక్సిల్ రాడికల్స్) పెట్టి, చుట్టూ ఉన్న బరువైన సమూహాల ఒరిపిడికి అవి వలయపు తలం నుంచి బయటికి తిరిగిపోతే, సమాంతరానికి బదులు జంట కట్టిన స్థితే వస్తుందని చూపించారు. నైట్రాక్సైడ్లను వాడటానికి కారణం వాటి ఓర్పు. అవి సీసాలో ఏళ్ళ తరబడి ఉంటాయి. స్పిన్ నైట్రోజన్, ఆక్సిజన్ల మీదే ఎక్కువగా నిలిచిపోవడం వల్ల వచ్చిన ఓర్పు అది. అదే కారణంగా వలయంలోకి పారే స్పిన్ తగ్గి, పట్టూ తగ్గుతుంది. రయ్త్సా వాడిన కార్బన్ రాడికల్స్ దీనికి తలకిందులు: పట్టు అద్భుతం, కానీ చలిలో, గాలి చొరని పాత్రలో తప్ప బతకవు. ఈ బేరంలో రెండు వైపులా లాభపడటం చాలా కష్టం. ఓర్పున్న రాడికల్ పాలిమర్లు వేరే చోట కొలువు సంపాదించుకున్నాయి: 2002లో జపాన్‌లోని ఎన్ఈసీ పరిశోధకులు నైట్రాక్సైడ్ పాలిమర్‌ను బ్యాటరీ ధన ధ్రువంగా వాడారు. అయస్కాంతానికి పనికిరాని గుణమే, అంటే ఒక రాడికల్‌తో మరొకదానికి పట్టింపు లేకపోవడమే, అక్కడ అక్కరకొచ్చింది.

మరో అభ్యంతరం సిద్ధాంతం వైపు నుంచి వస్తుంది. 1966లో మెర్మిన్, వాగ్నర్ నిరూపించినదాని ప్రకారం, ఏ దిక్కుకూ మొగ్గు లేని స్పిన్‌లు దగ్గరి పొరుగువాటితోనే ముడిపడి, ఒకే తలంలో పరుచుకుంటే, సున్నాకు పైన ఏ ఉష్ణోగ్రతలోనూ అమరిక నిలవదు. కార్బన్ తేలికైన పరమాణువు, దాని స్పిన్-కక్ష్య బంధం బలహీనం, కాబట్టి మొగ్గు దాదాపు లేనట్టే. అప్పుడు చదరపు వల వల్ల ఒరిగేదేమిటి? ఈ అభ్యంతరంలో సగం ఒప్పుకోక తప్పదు. కార్బన్‌తో చేసిన వల ఎప్పటికీ మెత్తటి అయస్కాంతమే. దిక్కు మార్చకుండా మొండికేసే శాశ్వత అయస్కాంతాన్ని, ఫ్రిజ్ తలుపుకు అంటుకునేదాన్ని, దీని నుంచి ఆశించడం అత్యాశ. మిగతా సగానికి జవాబుంది. తలంలో ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ స్పిన్‌లు కలిసి నడిచే దూరం అతివేగంగా పెరుగుతుంది, చిన్న రేకుకు అదే చాలు. పొరకూ పొరకూ మధ్య కొద్దిపాటి పట్టు ఉన్నా మూడో దిక్కు ఏర్పడి సిద్ధాంతపు షరతు సడలుతుంది. పైగా, మొగ్గు లేకపోవడానికి కారణమైన ఆ బలహీన స్పిన్-కక్ష్య బంధమే ఒకసారి తిప్పిన స్పిన్‌ను చాలాసేపు చెదరకుండా కాపాడుతుంది. స్పిన్‌తో సమాచారం మోయాలనుకునేవారికి కావలసింది ఆ గుణమే.

ఇంత తంటా ఎందుకు, కాస్త లోహం కలిపితే పోయేదేముంది అన్నవారికి వాస్తవాలు అండగా ఉన్నాయి. 1991లో మిల్లర్, ఎప్‌స్టైన్ బృందం వనేడియాన్ని టీసీఎన్‌ఈ అనే సేంద్రియ అణువుతో కలిపి గది ఉష్ణోగ్రతలో అయస్కాంతమయ్యే పదార్థం చేసింది. దాని క్యూరీ ఉష్ణోగ్రత దాదాపు 400 కెల్విన్లని అంచనా, అంతకు ముందే 350 దగ్గర పదార్థం పాడైపోతుంది, గాలి కూడా పడదు. 2020లో ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి క్లెరాక్ బృందం క్రోమియం, పైరజీన్ వలతో 242 డిగ్రీల సెల్సియస్ దాకా నిలిచి, గది ఉష్ణోగ్రతలో 7500 ఓర్‌స్టెడ్ల ఎదురు క్షేత్రానికి గానీ లొంగని తేలికైన అయస్కాంతాన్ని చూపించింది. ఈ రెండూ నా వాదనకు ఎదురు నిలిచేవి కావు, దానికి సాక్ష్యాలు. రెండిటిలోనూ సేంద్రియ అణువు మధ్యన కూర్చున్న ప్రేక్షకుడు కాదు. అది స్వయంగా రాడికల్‌గా మారి, తన ఎలక్ట్రాన్‌ను లోహానికి నేరుగా ముడివేసింది. ఖాళీ ఎక్కడా లేదు, వల రెండు మూడు దిక్కులకు సాగింది, మొండితనం మాత్రం లోహం ఇచ్చింది. లోహం చేసిన పనిలో ముడిపెట్టడం కార్బన్‌కు చేతనవును, మొండితనం చేతకాదు. ఎక్కడ మొండితనం అక్కర్లేదో అక్కడే శుద్ధ సేంద్రియ పాలిమర్‌కు చోటుంది.

ఆ చోటుకు ఇప్పుడు కొత్త దారి ఒకటి తెరుచుకుంటోంది. రసాయనవేత్త క్లార్ 1950లలో చేయబోయి చేయలేకపోయిన ట్రయాంగులీన్ అనే ఆరు వలయాల త్రిభుజపు అణువును 2017లో ఐబీఎమ్ జూరిక్, వార్విక్ పరిశోధకులు ఒక ఉపరితలం మీద సూదిమొనతో చేసి చూశారు. ద్రావణంలో ఒకదానితో ఒకటి కలిసి పాడైపోయేది, ఉపరితలం మీద శూన్యంలో నిశ్చింతగా ఉంది. 2021లో స్విట్జర్లాండ్‌లోని ఎంపా సంస్థలో ఫాజెల్ బృందం ఆ త్రిభుజాలను వరసగా ముడివేసి గొలుసులు, వలయాలు అల్లింది. ప్రతి ముడీ సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది, ప్రతి స్పిన్‌నూ విడిగా లెక్కపెట్టవచ్చు, కాబట్టి దుమ్ములోని ఇనుము గురించి అనుమానానికి తావు లేదు. అయితే సమాన త్రిభుజాలను నేరుగా ముడివేస్తే వాటి స్పిన్‌లు ఎదురెదురుగా తిరుగుతాయి, ఆ పట్టు దాదాపు 14 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, గది వేడికి సుమారు సగం. అవి మొత్తం చెల్లిపోకుండా ఉండాలంటే నలుపు, తెలుపు చుక్కల లెక్క అసమానమయ్యేలా చిన్న త్రిభుజాన్నీ పెద్ద త్రిభుజాన్నీ మార్చి మార్చి అల్లాలి, అంటే రయ్త్సా వలయానికీ ముక్కకూ పెట్టిన తేడానే పరమాణువు దగ్గర మళ్ళీ పెట్టాలి. ఆ అల్లికను సీసాలో గ్రాముల్లో, చచ్చుముళ్ళు నలభై శాతం దాటకుండా చేయగలిగితే చదరపు వల లెక్క ప్రకారం చాలు. ఇప్పుడు చేతిలో ఉన్నది మాత్రం ఒక బంగారు పలక మీద సూక్ష్మదర్శినిలో తప్ప కనిపించనంత.